వేలు ఆగిన చోటు

"మా వాడు నీ మనసు ఇట్టే చదివేస్తాడమ్మాయ్. నా మొగుడికి బతికినన్నాళ్లూ వండిపెట్టాను. నాకు చేప తల ఇష్టమో తోక ఇష్టమో తెలీకుండానే పోయాడు మహానుభావుడు," అంది అత్తగారు ఫుమిఎ.

కయోకో అప్పుడు ముల్లంగి తురుముతోంది. తురిమేటప్పుడు ఎడమచేతి చూపుడువేలిని పైకి ఎత్తిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. చూపులేని ఆమె చదివేది ఆ వేలితోనే. దానికి చిన్న గాటు పడిందంటే అది మానేదాకా పుస్తకం మూతపడినట్టే. ఆ వేలిని అలా గాల్లో నిలబెట్టి పని చేస్తుంటే అత్తగారికి నవ్వు. "రాణీగారు టీ తాగుతున్నట్టుంది" అంటుంది. ఇవాళ అనలేదు. ఇవాళ ఆవిడ ధ్యాసంతా బల్లమీది పొట్లం మీద ఉంది. అందులో అక్రోటు ముద్ద పూసిన బియ్యపు మోచి ఉండలున్నాయి. పొట్లం విప్పకముందే కయోకోకి వాసన తెలిసింది. భర్త మసతకా ఆఫీసు నుంచి వస్తూ తెచ్చాడు. "దారిలో కనపడ్డాయి, నీకు ఇష్టం కదా" అని బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లిపోయాడు.

నీకు ఇష్టం కదా. ఆ మాట కయోకోకి గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. అక్రోటు మోచి తనకిష్టమని ఈ ఇంట్లో ఎవరికి తెలుసు? తనే మర్చిపోయింది. మొన్నీమధ్య మధ్యాహ్నం పూట ఎవరో పెద్దావిడ రాసిన జ్ఞాపకాలు చదువుతుంటే అందులో వాళ్ల నాయనమ్మ అక్రోట్లు దంచే వాక్యం వచ్చింది. దాంతో కిసో కొండల్లో తన అమ్మమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో కూర్చుని, అక్రోట్లు నూరే మట్టి గిన్నెలో గీతలు గీతలుగా ఉండే లోపలి గోడను వేళ్లతో తడుముతూ ఉండేది. ఆ గీతలే తను చదివిన మొదటి పుస్తకమేమో. ఆ వాక్యం మీదికి వేలు మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లింది. కాసేపు అక్కడే ఉండిపోయింది. అంతే. నోరు విప్పి ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు.

పెళ్లయి పదేళ్లు దాటింది. పుట్టినరోజుకి కూడా పువ్వొకటి తేని మనిషికి, దారిలో ఉన్నట్టుండి అక్రోటు మోచి కనపడటమేమిటి?

"తినవే, చల్లారిపోతే గట్టిపడతాయి," అంది అత్తగారు.

"మీరు తినండి అత్తయ్యా. నా చేతులు తడిగా ఉన్నాయి."

తడి చేతులు ఆ ఇంట్లో పెద్ద సమస్య. మసతకా పనిచేసేది బ్రెయిలీ పలకలు తయారుచేసే చిన్న కంపెనీలో. సువా సరస్సు చుట్టూ ఒకప్పుడు గడియారాల విడిభాగాలు చేసిన షెడ్లున్నాయి కదా, అలాంటి ఒక షెడ్డులోనే వాళ్ల కంపెనీ. పుస్తకాన్ని కంప్యూటరు అక్షరాలుగా పంపితే, పలక మీద సన్నటి మొనలు చుక్కలుగా లేచి ఒక పంక్తి అవుతుంది. వేలితో తడిమి చదివేస్తే అవి కిందికి దిగి, తర్వాతి పంక్తి లేస్తుంది. బస్తాడు బ్రెయిలీ పుస్తకాలు అరచేయంత పలకలో ఇమిడిపోతాయి. కొత్త నమూనా తయారైనప్పుడల్లా మసతకా ఇంటికి తెస్తాడు. భోజనాలయ్యాక కయోకో దాన్ని చదివి లోటుపాట్లు చెప్పాలి. ఈ చుక్క నీరసంగా లేస్తోంది. ఈ వరుస మరీ పదునుగా ఉంది, గంట చదివితే వేలు మండుతుంది. వానాకాలం తేమకి నాలుగో అక్షరపు గడి అంటుకుపోతోంది. ఇలా చెబుతుంటే అతను టకటకా టైపు చేసుకుంటాడు. అంట్లు తోమితే వేలికొసలు నాని మొద్దుబారతాయి కాబట్టి ముందు పలక, తర్వాత అంట్లు. పలక పని పొద్దుపోయేదాకా సాగితే అంట్లు తొట్టిలో ఎండిపోతాయి. "ఇంట్లో పని తెమలదు గానీ ఆఫీసు పని బాగానే తెములుతుంది" అని అత్తగారు గోడతో చెప్పినట్టు చెబుతుంది. ఆ ఆఫీసు పనికి జీతమూ లేదు, పేరూ లేదు. ఎవరైనా అడిగితే మసతకా "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది" అంటాడు. వాన పడుతుంటే కాస్త గొడుగు పట్టింది అన్నట్టు.

అసలు వాళ్లిద్దరూ కలిసింది కూడా అలాంటి ఒక నమూనా పలక దగ్గరే. అప్పుడు కయోకో మత్సుమోతోలో బ్రెయిలీ గ్రంథాలయంలో ప్రూఫులు చదివేది. అచ్చు పుస్తకాన్ని ఎవరో బ్రెయిలీలోకి ఎక్కిస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. చూపులేని మనిషి వేలితో తడుముతూ పైకి చదువుతుంది. చూపున్న మనిషి అచ్చు పుస్తకంలో ఆ గొంతు వెంబడే వెళ్తూ తప్పులు పట్టుకుంటుంది. చదివే వేలు ఆగితే ఎదుటి మనిషీ ఆగాల్సిందే. ఆ గదిలో కయోకో ముందు నడిచేది, చూపున్నవాళ్లు వెనక నడిచేవాళ్లు. అలా నడవగలిగిన చోటు ఆమెకు ప్రపంచంలో అదొక్కటే. పెళ్లయ్యాక అత్తగారు మంచుమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. "కొన్నాళ్లు ఇంట్లో ఉండు, అమ్మ లేచి తిరిగేదాకా," అన్నాడు మసతకా. అమ్మ లేచి తిరుగుతూనే ఉంది. ఆ కొన్నాళ్లు మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

"నాకు కళ్లున్నాయి, కాళ్లు లేవు. నీకు కాళ్లున్నాయి, కళ్లు లేవు. ఇద్దరం కలిస్తే ఒక కోడలు," అంటుంది అత్తగారు. ఆ మాటకు ఆవిడే ముందు నవ్వుతుంది. కయోకో కూడా నవ్వుతుంది. ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే సులువుగా ఉండేది.

ఈ నెల మొదట్లో గ్రంథాలయం నుంచి కరసావా గారు ఫోన్ చేశారు. కయోకోకి ప్రూఫులు చదవడం నేర్పింది ఆవిడే. ఆవిడకీ పుట్టుకతో చూపు లేదు. "నా వేలికి ముసలితనం వచ్చిందమ్మా. చుక్కలు నాతో దాగుడుమూతలాడుతున్నాయి. నా కుర్చీ ఖాళీ చేస్తున్నాను. నువ్వొస్తానంటే వేరే ఎవరినీ పిలవం. పరీక్షలా ఒక పుస్తకం చదివించి చూస్తారు, అంతే. కానీ నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పెయ్," అన్నారు. పాత బ్రెయిలీ నియమాలు కొన్ని మారాయని, చదువుకొమ్మని ఒక పాఠం కూడా పంపారు. కయోకో దాన్ని పలకలోకి ఎక్కించుకుని మధ్యాహ్నాలు చదువుతోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు తన వేలిలో ఆ పని మిగిలి ఉందో లేదో తేల్చుకోవాలనుకుంది. లేకపోతే అడగడం, కాదనిపించుకోవడం అన్నీ దండగే కదా.

అలాంటి రోజుల్లో ఒకనాడు మిసో పులుసు తాగుతూ మసతకా, "మత్సుమోతో రైళ్లు ఈ మధ్య మరీ రద్దీగా ఉంటున్నాయట," అన్నాడు.

కయోకో చేతిలో గిన్నె పట్టుకునే, "ఎవరన్నారు?" అంది.

"ఎవరో ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. గుడ్డివాళ్లకైతే ప్లాట్‌ఫారం మీద నిలబడటమే గండమట."

"మనమేం మత్సుమోతో వెళ్తున్నాం ఇప్పుడు?" అని అత్తగారు అడిగింది.

"ఎవరూ వెళ్లట్లేదు. ఊరికే అన్నాను."

ఊరికే. అతను ఊరికే మాట్లాడే మనిషి కాదు. ఆ పూటంతా కయోకో ఆలోచిస్తూనే ఉంది. కరసావా గారు అతనికి ఫోన్ చేశారా? చేయరు, ఆవిడకు అతనంటే మొదట్నుంచీ అంతంతమాత్రమే. నేను నిద్రలో పలవరించానా? అత్తయ్య ఫోను మాటలు విన్నదా? విని ఉంటే ఆవిడ కడుపులో ఆ మాట ఉదయం దాకా కూడా ఉండదు. తర్వాత ఇంకో అనుమానం వచ్చింది, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన అనుమానం. వేరే ఆడమనిషి ఉందా? అలాంటి మొగుళ్లే ఉన్నట్టుండి మిఠాయిలు తెస్తారని పక్కింటావిడ అంటుంటుంది. ఆ రాత్రి అతని చొక్కా ఉతకడానికి వేసేముందు మెడ దగ్గర వాసన చూసింది. సోల్డరింగు పొగ, చెమట, మెంథాల్ బిళ్లలు. ఎప్పటి వాసనే. చొక్కా బుట్టలో పడేశాక తనమీద తనకే రోత పుట్టింది. అయినా అనుమానం పోలేదు. అక్కడ చోటు లేక ఇంకోచోటికి జరిగిందంతే.

తర్వాత వారంలో హైడ్రాంజియా పూలు వచ్చాయి. తనేం చదివిందో గుర్తుచేసుకుంది. అవును, వానాకాలం పూల గురించి ఒక వ్యాసం. వేలు ఆగింది. ఆ పూలరేకుల గురించి రాసినావిడ "తడిసిన కాగితం" అంది, అది నిజమో కాదో అని ఆలోచిస్తూ ఆగింది. అత్తగారు పూలకుండీలో నీళ్లు పోస్తూ, "పెట్టిపుట్టావమ్మా. కళ్లతో చూడలేవు గానీ మొగుడు తెచ్చాడు చూడు," అంది.

అప్పుడు కయోకోకి చల్లగా ఒక సంగతి తట్టింది. పోయిన శీతాకాలం ఇంటికొచ్చిన ఈ కొత్త పలకలో గొప్పతనం ఏమిటి? పాత పలకల్లో పంక్తి అయిపోగానే మీట నొక్కాలి. దీంట్లో అక్కర్లేదు. వేలు చివరి గడికి రాగానే తర్వాతి పంక్తి తనంతట తనే లేస్తుంది. "బాగుంది, పేజీ నాకోసం ఎదురుచూస్తున్నట్టుంది" అని మెచ్చుకున్నది కూడా తనే. అంటే వేలు ఎక్కడుందో పలకకు తెలుసు. ఏ గడి మీద ఉంది, ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది. పలకకు తెలిసినది ఇంకెవరికి తెలుస్తుంది? రోజూ పొద్దున్న ఆఫీసుకి వెళ్లేముందు మసతకా పలకని తన ల్యాప్‌టాప్‌కి తగిలించి "అప్‌డేట్" అంటాడు. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. చెత్త తీసుకెళ్లే రోజు మాత్రం ప్రతివారం మర్చిపోతాడు.

ఆమె పలక మీద నుంచి చేయి తీసేసింది. ఒంటిమీద చీమ పాకినట్టు మోచేతి దాకా జలదరించింది. చూపులేని మనిషికి ఇంట్లో ఏ తలుపుకీ గడియ ఉండదు. ఉత్తరం వస్తే ఎవరో చదివిపెట్టాలి. డాక్టరు చెప్పేది కూడా పక్కనున్నవాళ్ల మొహం చూసి చెబుతాడు. ఫోను పైకి అరిచి చదివితే గదిలో అందరూ వింటారు. కొట్లో లోదుస్తులు కొన్నా రంగు ఎవరో ఒకరు చెప్పాలి. అన్నిటికీ ఒక మూడో మనిషి. ఒక్క బ్రెయిలీ చదివేటప్పుడే ఎవరూ ఉండరు. వేలికీ చుక్కకీ మధ్య గాలి కూడా దూరదు. "ఏం చదువుతున్నావు?" అని చిన్నప్పుడు హాస్టల్లో వార్డెన్ అడిగితే "ఏం లేదు" అనేది. పెళ్లయ్యాక "ఏం ఆలోచిస్తున్నావు?" అంటే "ఏం లేదు" అనేది. తన ఆస్తంతా ఆ 'ఏం లేదు'లోనే దాచుకుంది. ఇప్పుడు ఆ గదిలోకి ఎవరో చెప్పులు విప్పకుండా వచ్చి తిరుగుతున్నారా?

అనుమానం వేరు, నిజం వేరు. ఆమె ప్రూఫులు చదివే మనిషి, తప్పు చేతికి తగిలితేనే తప్పు అంటుంది. అందుకని ఒక పని చేసింది.

అత్తగారు తుంటి వ్యాయామానికి వెళ్లిన మధ్యాహ్నం, చేతులు కడుక్కుని, తుడుచుకుని, పలక ముందు కూర్చుంది. ఆ జిల్లా మాసపత్రికలో కందిరీగ పిల్లల వంటకం మీద ఒక వ్యాసముంది. తుట్టెలోంచి తీసిన పురుగుల్ని సోయాలో, పంచదారలో దగ్గరగా ఉడికిస్తారు. కొండవైపు ఊళ్లలో పండక్కి అది పెట్టకపోతే మర్యాద కాదు. కయోకోకి దాని పేరు వింటేనే డోకు. చిన్నప్పుడు బావ ఒకడు "నల్ల చిక్కుళ్లమ్మా" అని నోట్లో పెట్టాడు. మెత్తటి ఆ ఒళ్లు పళ్లమధ్య చిట్లడం, చుట్టూ అందరూ నవ్వడం ఇప్పటికీ మరిచిపోలేదు. పెళ్లయిన కొత్తలో, మొదటి కొత్త సంవత్సరం విందులో ఇదే ఇంట్లో, ఇదే బల్ల దగ్గర మళ్లీ తగిలితే రుమాల్లోకి ఉమ్మేసింది. పక్కనే కూర్చున్న మసతకా ఆ రుమాలు తీసుకెళ్లి పారేసి వచ్చాడు కూడా.

ఆ వ్యాసం మీద వేలు పెట్టింది. చదివింది. వెనక్కి వచ్చింది. "తియ్యగా, మెరుస్తూ, తినే పుల్లలకి అంటుకునేలా ఉడకాలి" అన్న చోట వేలిని ఆపి, అలాగే కూర్చుంది. బయట వాన చూరు మీద పడుతోంది. మర్నాడూ అదే చేసింది. నిజం కాకపోతే బాగుండునని ఆ రెండు రోజులూ దేవుడికి మొక్కినంత గట్టిగా అనుకుంది. అలా కోరుకోవడం మాత్రం నిజం.

ఆదివారం మధ్యాహ్నం కంపెనీ డైరెక్టరు మొమోసె భోజనానికి వచ్చాడు. పలక త్వరలో మార్కెట్లోకి వస్తోందట, అందుకని మర్యాదకి ఓ సీసా సాకే సారా పట్టుకొచ్చాడు. కయోకో పొద్దుట్నుంచీ వంటింట్లోనే ఉంది. సోబా నూడుల్స్ ఉడికించి, చన్నీళ్లలో కడిగి, వెదురు తట్టల్లో వేసింది. కూరగాయలు పిండిలో ముంచి వేయించింది. చివరి తట్ట పెట్టి ఆమె కూర్చోగానే మసతకా సంచీలోంచి సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. గాజు టక్కుమంది.

"ఇది ఇనా లోయలో మంచి కొట్టునుంచి తెప్పించాను. నీకోసమే," అన్నాడు. గొంతులో గర్వం దాచుకున్నా దాగలేదు.

మూత తిరిగింది. సోయా, పంచదార, వాటి అడుగున ఆ పచ్చి వాసన. కయోకో చేతులు ఒళ్లో పెట్టుకుంది. వాసన వచ్చిన క్షణంలో ఆమెకు కోపం రాలేదు. పెద్ద బరువేదో కిందికి దిగినట్టయింది. ఇన్నాళ్ల అనుమానం ఇంక అనుమానం కాదు.

"ఏమిటది?" అని అడిగింది, తెలిసే.

"కందిరీగ పిల్లలు. నీకు ఇష్టం కదా."

"నాకు ఇష్టమని ఎవరు చెప్పారండీ?"

బల్ల దగ్గర పుల్లల చప్పుడు ఆగింది. జవాబు అత్తగారి నుంచి వచ్చింది. "ఒరేయ్, నీకేమైనా మతిపోయిందా? కొత్త కోడలు కొత్త సంవత్సరం నాడు దీన్నే కదా రుమాల్లో కక్కేసింది! ఊరు ఊరంతా నవ్విపోయారు. నాకే గుర్తుంది, నీకు గుర్తులేదూ?"

మసతకా సీసా మూత తిప్పి బిగించాడు.

మొమోసె రెండు చుక్కలు వేసుకుని హుషారుగా ఉన్నాడు. "అదేమిటండీ! కానీ మేడమ్, మొన్న మీ వేలు ఆ పేరా మీద ఎంతసేపు నిలబడిందనుకున్నారు! మావాళ్లు పందేలు కూడా వేసుకున్నారు, ఇంత ఇష్టమా అని," అని నవ్వాడు. ఎదురుగా ఎవరూ నవ్వకపోయేసరికి తనే మళ్లీ అందుకున్నాడు. "అంటే, మేడమ్ చదివే తీరే మాకు పాఠ్యపుస్తకం. ఎక్కడ ఆగుతారు, ఎక్కడ పరిగెత్తుతారు... దుఃఖం వచ్చిన చోట మీ వేలు రెట్టింపు వేగంతో పోతుంది, తెలుసా? పోయిన శీతాకాలం ఆ పిల్లాడు చనిపోయే కథ చదివారు చూడండి, ఆఫీసులో అందరం తెరమీద చూశాం. ఎవరూ మాట్లాడలేదు. మీవారు ఉషియామా గారు మీ అనుమతి తీసుకునే చూపించారు కదా? ఇంకో రెండేళ్లు మేడమ్ ఇంటిపట్టునే ఉండి మాకోసం చదువుతారని మాట కూడా ఇచ్చారు. మీలాంటి భార్య దొరకడం అదృష్టం."

పోయిన శీతాకాలం. పెళ్లయిన నాలుగో ఏట కయోకో కడుపులో పడిన బిడ్డ నిలవలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ కథ ఆమె అత్తగారు నిద్రపోతున్నప్పుడు మధ్యాహ్నం చదివింది, ఏడవకుండా ఉండటానికి వేగంగా చదివింది. అది తెరమీద పడింది. ఒక షెడ్డునిండా మగవాళ్లు నిలబడి చూశారు. ఎవరూ మాట్లాడలేదట. అది మర్యాద అనుకుంటున్నాడు ఈ పెద్దమనిషి.

"సోబా చల్లారిపోతుంది, కానివ్వండి," అంది కయోకో. సోబా చల్లగానే తింటారని కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

అతిథి వెళ్లాక మసతకా తనంతట తనే వంటింట్లోకి వచ్చాడు. అంట్ల తొట్టి పక్కన నిలబడ్డాడు. కయోకో తోముతూనే ఉంది. "తప్పుగా అనుకోకు," అన్నాడు. "మొదట ఆఫీసు కోసమే. తర్వాత... నువ్వు నాతో ఏం చెబుతావు కయోకో? ఏమడిగినా 'ఏం లేదు' అంటావు. చదువుతుంటే నీ మొహం మూసిన తలుపులా ఉంటుంది. పదేళ్లుగా ఆ తలుపు బయట కూర్చున్నాను. పలకలో నీ వేలు ఆగిన చోటు చూస్తే, ఇదిగో ఇక్కడుంది, అనిపించేది. మోచి తెచ్చినప్పుడు నీకు సంతోషం కలగలేదా?"

ఆమె నీళ్లు కట్టేసింది. ఆ గొంతులో అబద్ధం లేదు. అదే ఎక్కువ భయం వేసింది. "మత్సుమోతో నుంచి వచ్చిన పాఠం సంగతి కూడా ఆ తలుపు బయట కూర్చునే తెలుసుకున్నారు. తెలుసుకుని రైళ్లు రద్దీ అన్నారు. వెళ్లాలనుందా అని ఒక్కమాట అడగలేదు."

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదేమో. అయినా అడగాలి. చెప్పకుండా ఉండటానికైనా నాకు వీలుండాలి కదండీ."

"నేను నీ భర్తని. పరాయివాణ్నా?"

"ఇది నాకు పడదని మీ ఎదురుగానే ఉమ్మి చెప్పాను. రుమాలు మీరే పారేశారు. అది మర్చిపోయారు. మిషన్ చెప్పింది మాత్రం నమ్మారు. పక్కన కూర్చుని తిన్న మనిషిని కాదని, వేలిని నమ్మారు. ఇక పరాయివాళ్లెవరో మీరే చెప్పండి."

అత్తగారు పక్క గదిలోంచి, "ఏమైందిరా? అంట్లు తోమడానికి ఇద్దరు కావాలా?" అని కేకేసింది. ఆవిడే మళ్లీ తనలో తాను అనుకుంటున్నట్టు, కానీ వినపడేలా, "రెండేళ్లట. మాటిచ్చేముందు నన్నూ అడగలేదు. నా తుంటి బాగయి ఎన్నాళ్లయిందో ఈ ఇంట్లో ఎవరూ అడగరు," అంది.

కయోకో తడిచేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా, ఎప్పటిలాగే. పలక దగ్గరికి వెళ్లింది. మొనల మీద మెత్తటి గుడ్డతో తుడిచి, దాని పెట్టెలో పెట్టి, మూత వేసి మసతకా చేతికిచ్చింది. "మంచి పలకండీ. నాలుగో గడి ఒక్కటి సరిచేయమనండి," అంది. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే మంచి పలక. తర్వాత ఫోను తీసుకుని ఇద్దరూ వింటుండగా కరసావా గారికి చేసింది. "వస్తున్నానండీ. పరీక్ష పెట్టమనండి. రైళ్లు రద్దీగా ఉంటాయట, పొద్దున్న మొదటి బండికే వస్తాను."

"నీ గొంతుకేమైందే?" అన్నారు కరసావా గారు.

"ఏం..." అని ఆగింది. "తర్వాత చెబుతానండీ."

పరీక్ష పుస్తకం పోస్టులో వచ్చింది. గుడ్డ సంచీలో రెండు లావుపాటి కాగితం బైండ్లు. ఎత్తితే భుజం లాగింది. కరసావా గారి గదిలో, ఆవిడ ఎదుట, చూపున్న మనిషి అచ్చు పుస్తకం పట్టుకుని కూర్చోగా ఆమె దీన్ని పైకి చదవాలి. అక్కడ కూడా ఒకరు ఆమె వేలిని వెంబడిస్తారు. కానీ ఆమె గొంతు ఎత్తితేనే ముందుకు వస్తారు, గొంతు ఆపితే ఆగిపోతారు. ఆ తేడా ఎవరికైనా చెప్పి అర్థమయ్యేలా చేయగలనా అనుకుంది. ఇంట్లో ముందుగా ఒకసారి తడిమి చూసుకుందామని, అంట్లు తొట్టిలోనే వదిలేసి, వరండాలో చాపమీద బైండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎన్నాళ్లయిందో కాగితం ముట్టుకుని. పలక చుక్కలు లేచి పడుకుంటాయి. కాగితం చుక్కలు అలాగే ఉంటాయి, మనం పోయినా వచ్చినా. మొదట వేలు తడబడింది. రెండో పేజీకి దారి దొరికింది. పని వేలిలోనే ఉంది, ఎక్కడికీ పోలేదు.

మసతకా ఆఫీసు నుంచి వచ్చాడు. చెప్పులు విప్పిన చప్పుడు, సంచీ పెట్టిన చప్పుడు. అతను వచ్చి, గడప దగ్గరే ఆగాడు. ఎప్పుడూ నేరుగా వచ్చి పక్కన కూలబడేవాడు. ఇవాళ లోపలికి రావచ్చో లేదో తెలియనివాడిలా ఆగాడు. వంటింట్లో అత్తగారు పళ్లేలు కడుగుతూ ఏదో గొణుగుతోంది, నీళ్లు గట్టిగా పారుతున్నాయి. అతను గొంతు సవరించుకున్నాడు. పదేళ్లలో మొదటిసారి ఆ మాట అడిగాడు, తెలియని మనిషిని అడిగినంత జాగ్రత్తగా.

"ఏం చదువుతున్నావు?"

కయోకో వేలు ఆగింది. ఒక వాక్యం మధ్యలో, ఒక మంచి చోట. అది ఎక్కడో ఈ లోకంలో ఆమెకు తప్ప ఎవరికీ తెలీదు. 'ఏం లేదు' అన్న పాత మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"ఉంది," అంది. "చెప్పను."

పేజీ తిప్పింది.